గంగారాం బ్యాగు నడిచిన దారి

గంగారాంను గుట్ట మీద వదిలేసి పోయారు. కాలు విరిగి బండల సందులో పడి, గొంతులో తడి లేక పిలుస్తున్న మనిషిని పట్టపగలు వదిలేసి పోయి, కింద గుడారాల దగ్గర ఉల్లిగడ్డ పకోడీలు తిన్నారు. వదిలేసిన వాళ్లకు దారి తెలుసు. ఒంట్లో బలం ఉంది. చేతుల్లో యంత్రాలున్నాయి. ఈ ముక్క ముందు రాసి పెట్టి, మిగతా ప్రయాణం తరువాత చెబుతాను.

నాది ఎల్లారెడ్డి. సైకిల్ షాపు పెట్టుకుని బతికాను. బడి చదువు మూడో తరగతితో సరి. షాపులో పొట్లాలు చుట్టే పాత పేపర్లు చదివి చదువు పట్టుకున్నాను, తరువాత చెప్పులు అరిగిపోయేదాకా గ్రంథాలయానికి తిరిగాను. నడకల పోటీలకు పోయే మనిషిని కాను. నన్ను లేపి పంపింది ఒక గోడ కాగితం. కామారెడ్డిలో కళ్లద్దాల కోసం పోయిన రోజు చూశాను. "మనిషి అడుగు పడని గుట్టల మీద మూడు రోజుల సాహస నడక. మీ హద్దులు మీరే దాటండి" అని రంగుల్లో అచ్చువేసి ఉంది. కింద గుట్టల బొమ్మ. ఆ గుట్టలు నాకు తెలుసు. మా అమ్మ, మా మేనత్తలు, ఊళ్లో సగం మంది ఆడవాళ్లు ఎండాకాలం తెల్లవారకముందే వాటిని ఎక్కి బీడీలు చుట్టే తునికాకు తెంపేవాళ్లు. మీసం రాని వయసు నుంచి ఆ కట్టలు నెత్తిన పెట్టుకుని నేను కిందికి మోశాను. మరి అవి అడుగులు కావా? లేక మేం మనుషులం కామా?

కాగితం మీది నంబరుకు ఫోన్ చేసి ఇదే అడిగాను. అవతలి అమ్మాయి నవ్వి, "సార్, మీ వయసెంత?" అంది. డెబ్బై దాటిందని చెప్పాను. "వావ్ సార్, మీరు తప్పకుండా రావాలి, మీకు సగం రుసుమే" అంది. నేను తిట్టడానికి ఫోన్ చేశాను. ఆమె నా పేరు రాసుకుంది.

కామారెడ్డి

చలికాలం తగ్గుముఖం పడుతున్న రోజులు. బస్టాండు ముందు చాయ ఇప్పుడు పదిహేను రూపాయలు, గ్లాసు మాత్రం బొటనవేలంత. ఇరవై మందికి పైగా పోగయ్యారు. ఎక్కువ మంది హైదరాబాదు వాళ్లు. మడత పెట్టే చేతికర్రలు, గొట్టంతో నీళ్లు పీల్చుకునే సంచులు. మా దిక్కు నుంచి ముగ్గురమే. నేను, పిట్లం నుంచి మేరీ సుజాత, నాగిరెడ్డిపేట దిక్కు నుంచి గంగారాం.

మేరీ సుజాత బాన్సువాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. నలభై లోపు ఉంటుంది, గట్టి మనిషి. "నడుద్దామని సెలవు పెట్టిన బాపూ. ఎప్పుడూ పేషెంట్లనే నడిపిస్త, నేనెప్పుడు నడవాలె?" అంది.

గంగారాంకు యాభై దగ్గర. కాళ్లకు తెల్లటి కొత్త బూట్లు, ఒంటి మీద గల్ఫ్ కంపెనీ వాళ్లు ఎప్పుడో ఇచ్చిన నీలం చొక్కా. మనిషి సన్నం. నా పక్కన కూర్చుని చాయలో బిస్కెట్ ముంచుతున్నాడు.

"నువ్వేందిర, గీళ్లతోని వచ్చినవ్?" అని అడిగాను.

"పని మీద వచ్చిన కాకా."

"గుట్టలెక్కుడు పనా?"

"నాకైతే పనే" అన్నాడు. దుబాయ్ దిక్కు పదేళ్లు చేసి వచ్చాడు. మళ్లీ పోదామంటే ఏజెంటు ముఖం చూసి పెదవి విరిచాడట. "ముసలోనివైనవ్, కంపెనోడు తీసుకోడు అన్నడు కాకా. గట్టిగున్నట్టు ఏదన్న కాయిదం పట్టుకరా, మాట్లాడుత అన్నడు. గీ నడక పూర్తి జేస్తే సర్టిఫికెట్ ఇస్తరట. ఇంగ్లీషుల ఉంటదట. ఫోటో గూడ."

"వాడు నవ్వులాటకన్నడేమోర."

"నవ్వులాటకే అన్నడు గావచ్చు" అన్నాడు గంగారాం. "నేను నిజం జేసి సూపెడ్త."

గల్ఫ్‌కు పోయే వాళ్ల ఇళ్లలో కాగితానికి ఎంత విలువో మా దిక్కు వాళ్లకు చెప్పనక్కరలేదు. పాస్‌పోర్టును దేవుని పటం వెనక పెట్టుకునే ఇళ్లు మావి. గంగారాం అసలే బక్క మనిషి. ఈ వయసులో ఇంకొక్క కాగితం దొరికితే ఇంకొక్క నాలుగేళ్లు దొరుకుతాయని ఆశపడ్డాడు. అందులో తప్పేముంది?

మా నాయకుడు నితిన్ అనే ముప్ఫై ఏళ్ల అబ్బాయి. మంచి మాటకారి. అందరికీ ఒకే రకం బ్యాగులు ఇచ్చాడు. బ్యాగు పట్టీకి ఒక ప్లాస్టిక్ బిళ్ల కుట్టి ఉంది, దాని పక్కన ఒక ఈల. ప్రతి మజిలీలో వాళ్ల మనిషి ఫోన్‌ను బిళ్లకు దగ్గరగా పెడితే టిక్కుమంటుంది. సిగ్నల్ లేకున్నా వాళ్లందరి ఫోన్‌లలో మన పేరు పచ్చగా మారుతుంది. "ఈ టెక్నాలజీ ఉన్నంతసేపు ఒక్కరు కూడా మిస్సవ్వరు" అన్నాడు. ఎవరి బ్యాగు వాళ్లే మోయాలని కూడా అన్నాడు. అది ఇంగ్లీషులో అన్నాడు.

తాడ్వాయి దాటాక

వ్యాను దిగి అడవిలో పడ్డాం. మోదుగులు ఇంకా పూయలేదు. పొద్దున మంచుకు తునికి ఆకులు తోలులా తడిగా ఉన్నాయి. మొదటి గుట్ట ఎక్కడానికే హైదరాబాదు వాళ్లకు ఊపిరి చాలలేదు. నాకూ చాలలేదు, కానీ నేను బయటపడలేదు. దూరంగా ఎత్తు మీద కనిపించే, మేం ఎలుగుబండ అనే రాయికి నితిన్ ఏదో ఇంగ్లీషు పేరు పెట్టాడు. "దానికి పేరుంది బాబూ" అన్నాను. "ఓకే తాతా, రెండూ పెట్టుకుందాం" అన్నాడు. పెట్టుకోలేదు.

దారిలో ఒక తండా. సాలీబాయి అనే ముసలామె పొయ్యి మీద జొన్నరొట్టెలు చేస్తోంది. మమ్మల్ని చూసి రొట్టెకింత ఎల్లిపాయ కారం పెట్టి ఇచ్చింది. గోధుమల్లోని జిగురు పడని హైదరాబాదు అమ్మాయి ఒకతె, "ఆంటీ, ఇందులో గ్లూటెన్ ఉంటుందా?" అని అడిగింది. సాలీబాయి రొట్టెను తిరగేసి చూసి, "లేదు బిడ్డా, ఉప్పే ఉంటది" అంది. పైసలు ఇవ్వబోతే చెయ్యి వెనక్కు లాక్కుంది. "దారిన పొయ్యేటోళ్లకు రొట్టె అమ్ముతరా ఎవరన్న?" మేం రోడ్డు మీద నీళ్ల బాటిల్‌ను ఇరవైకి కొనుక్కుని వచ్చిన వాళ్లం.

ఆ సాయంత్రం గుట్ట దిగేటప్పుడు నేను అలవాటు కొద్దీ కూత వేశాను. తునికాకు కాలంలో అడవిలో ఒక పద్ధతి ఉండేది. దిగే ముందు పెద్దామె ఎవరో ఒకరు గొంతెత్తి "ఊ... హూ" అని కూస్తుంది. చెట్ల మధ్య ఎక్కడెక్కడున్న వాళ్లు ఒక్కొక్కరూ బదులు కూస్తారు. ఎవరి గొంతు ఎవరిదో అందరికీ తెలుసు. ఒక్క గొంతు తక్కువైనా ఎవరూ దిగరు. నెత్తిన కట్టలు దించి వెతకడానికి పోతారు. మా మేనత్త ఒకసారి కోపంతో బదులు పలక్కపోతే ఊరంతా గుట్ట మీదే నిలబడింది, దిగాక ఆమెకు తిట్లు చాలలేదు.

నా కూతకు గంగారాం ఒక్కడు వెనక నుంచి నవ్వుతూ బదులిచ్చాడు. వాళ్లమ్మ కూడా ఆకుకు పోయిన మనిషే. నితిన్ పరుగున వచ్చాడు. "తాతా, ప్లీజ్. ఇది అడవి, జంతువులు డిస్టర్బ్ అవుతాయి. అరవకూడదు."

"మనుషులు తప్పిపోతరు గద బాబూ?"

"బిళ్లలున్నాయి కదా తాతా."

ఎలుగుబండ దిగుడు

రెండో రోజు ఎలుగుబండ ఎత్తు మీదికి చేరాక ఎండ చురుక్కుమంది. అక్కడి నుంచి చూస్తే దూరంగా పోచారం ప్రాజెక్టు నీళ్లు తళుక్కుమన్నాయి. దాని కింద నాగిరెడ్డిపేట మళ్లలో నాట్లు పచ్చగా అగుపించాయి. గంగారాం చెయ్యి చాపి చూపించాడు. "గా చింతచెట్ల పక్కకెల్లే మా ఇల్లు కాకా. రేపు నడక అయిపోయే పోచారం కట్ట మీదికి మా ఇంటామె లక్ష్మి వస్త అన్నది. కోడిగుడ్ల పులుసు తెస్తదట."

కొత్త బూట్లు అప్పటికే అతని మడమలు తినేశాయి. సాక్సులో నెత్తురు. కుంటుతున్నాడు, కానీ ఆగడం లేదు. మేరీ సుజాత చూసి, "ఇయ్యన్నా బ్యాగు, కిందికి దిగినంక తీస్కో" అంది.

"వద్దు చెల్లే, నేనే మోస్త."

"మొండితనం జెయ్యకు. మొక్కు నడకకు పోతే మోస్తమా లేదా ఒకరిదొకరం? ఇయ్యి."

మా దిక్కు నడకల్లో అంతే. అలసిన వాని మూట పక్కవాడు అందుకుంటాడు. గుడికి నడిచినా చర్చికి నడిచినా అందుకుంటాడు, అడిగించుకోడు. మేరీ సుజాత తన బ్యాగు వీపున, గంగారాం బ్యాగు కడుపు మీద వేసుకుని గర్భిణిలా దిగిపోయింది. అందులో అతని నీళ్లున్నాయి, ఫోను ఉంది. పట్టీకి ఈల ఉంది, బిళ్ల ఉంది.

నేను అతనికి ముందు దిగాను. సగం దిగాక ఆగి కూత వేశాను. "ఊ..." అన్నానో లేదో నితిన్ కింద నుంచి చేతులు ఊపుతూ, "తాతా, నిన్ననే చెప్పాను!" అని అరిచాడు. నా కూత సగంలో ఆగింది. అతని అరుపుకు మాత్రం చెట్ల మీది నెమలి లేచిపోయింది.

గుడారాల దగ్గర

పొద్దు ఇంకా ఉండగానే కిందికి చేరాం. టిక్కు, టిక్కు, టిక్కు. పకోడీల వాసన. అందరి వెనక రావలసిన మనిషి, వరుస చివర కాపలాగా నడిచే ఆ సంస్థ కుర్రాడు కూడా వచ్చేశాడు. చెవుల్లో పాటల తీగలు ఉన్నాయి. మేరీ సుజాత గంగారాం బ్యాగు పట్టుకుని గుడారం గుడారం తిరిగి నా దగ్గరికి వచ్చింది.

"బాపూ, గంగారామన్న ఏడి?"

నితిన్‌ను అడిగాం. ఫోన్ తీసి చూపించాడు. వరుసగా పేర్లు, అన్నీ పచ్చగా. "వచ్చేశారు తాతా. చూడండి, గంగారాం, గ్రీన్."

"వచ్చింది బిళ్ల. మనిషేడి?"

"ఇక్కడే ఎక్కడో ఉంటారు. బాత్రూమ్‌కు వెళ్లుంటారు."

మేరీ సుజాత బ్యాగు ఎత్తి అతని ముఖం ముందు పెట్టింది. "సారూ, గిది నేను మోసుకొచ్చిన. నేను! ఆయన ఇంక గుట్ట మీదనే ఉన్నడు."

ఆ అబ్బాయి చెడ్డవాడు కాడు, భయపడ్డాడు. కానీ భయపడ్డ మనిషి ఏం చేయాలి? అతను ముందు బ్యాగు ఎవరు మోయమన్నారని అడిగాడు. తరువాత హైదరాబాదుకు ఫోన్ చేశాడు, సిగ్నల్ లేదు. తరువాత, కాసేపట్లో పొద్దు గుంకుతుంది కాబట్టి ఎవరినీ వెనక్కు పంపడానికి నిబంధనలు ఒప్పుకోవన్నాడు. "మీరు వెళ్తే చాలెంజ్ నుంచి అవుటయినట్టే తాతా."

"అవుటే గానీ" అంది మేరీ సుజాత. మూడు బ్యాగులూ అక్కడే పడేసి, ఒక నీళ్ల బాటిల్ చంకన పెట్టుకుంది. ఇద్దరం వెనక్కు తిరిగాం. పకోడీలు తింటున్న వాళ్లలో ఒకరిద్దరు లేచి నిలబడ్డారు. నిలబడే ఉన్నారు.

గొంగడి

గుట్ట మొదట్లో మేకల మంద అడ్డం వచ్చింది. కాసేవాళ్లు బీరయ్య, అతని తమ్ముడు. సంగతి చెప్పాను. బీరయ్య కర్ర భుజాన వేసుకుని, "గిప్పుడేనా చెప్పేది? ఇందాకటి నుంచి ఎవనిదో గొంతు ఇనవడ్డది. మీ వాళ్ల ఆట అనుకున్న" అన్నాడు. తమ్మునికి మంద అప్పగించి మాతో వచ్చాడు.

ఈసారి నన్ను ఆపేవాళ్లు లేరు. బండల దగ్గర నిలబడి, ఉన్న ఊపిరంతా పెట్టి కూశాను. మొదటిసారి గాలే తిరిగి వచ్చింది. రెండోసారి కూశాను. కింద పొదల్లో నుంచి సన్నగా, గొర్రెపిల్ల గొంతులా, "హూ" అని వినిపించింది.

రెండు బండల నడుమ సందులోకి జారి పడి ఉన్నాడు. మోకాలి కింద కాలు తిరగకూడని దిక్కుకు తిరిగి ఉంది. ఎముక తెల్లగా బయటికి. తెల్ల బూటు నల్లబడింది. మేరీ సుజాత తన చున్నీ చించి కట్టు కట్టింది. నీళ్లు కొద్దికొద్దిగా పెదవులకు పోసింది.

"పిలిచిన కాకా" అన్నాడు గంగారాం. "మస్తు పిలిచిన. ఒకాయన గీ బండ మీదికెల్లే పోయిండు. చెవులల్ల తీగలు పెట్టుకున్నడు. ఫోన్ జూసుకుంట పోయిండు."

వరుస చివరి మనిషి ఫోన్‌లో గంగారాం పేరు అప్పటికే పచ్చగా మారి ఉంటుంది. వెనక ఎవరూ లేరని యంత్రం చెప్పాక అతను ఎందుకు చూస్తాడు?

బీరయ్య రెండు కర్రలు నరికాడు. తన గొంగడి వాటికి ముడివేశాడు. ముగ్గురం గంగారాంను అందులో వేసుకుని, గుడారాల వైపు కాకుండా రోడ్డు దగ్గరయ్యే అవతలి వైపు నుంచి దించాం. అడుగడుగుకు అతను పళ్లు కొరికాడు. ఒకచోట బీరయ్య నవ్వించాలని, "తమ్మీ, మా మ్యాకలు గూడ గింత బరువుండయిర" అన్నాడు. గంగారాం నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను ముఖం తిప్పుకున్నాను. లక్ష్మికి ఫోన్ చేద్దామంటే నంబరు అతనికి నోటికి రాదు. ఫోన్‌లో ఉంది, ఫోన్ బ్యాగులో ఉంది. రోడ్డు మీద ఆటో దొరికేసరికి చీకటి పడింది. బీరయ్య నెత్తురు పట్టిన గొంగడి మడిచి భుజాన వేసుకుని, మంద గుర్తొచ్చి పరుగెత్తాడు.

ఎల్లారెడ్డి, మళ్లీ కామారెడ్డి

ఎల్లారెడ్డి ఆసుపత్రిలో కట్టు కట్టి కామారెడ్డికి పంపారు. కామారెడ్డిలో రాడ్ వేయాలన్నారు. వేశారు. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, కాలు నిలుస్తుంది గానీ బరువు పనికి పనికిరాదన్నాడు. గంగారాంకు ఆ మాట నేను చెప్పలేదు. అతనే నన్ను అడిగాడు.

"కాకా, రెండు రోజులైతే నడిచిన గద. సగం సర్టిఫికెట్ అసుంటిది ఏమన్న ఇస్తరా?"

మూడో రోజు పోచారం ఎలా ఉందో నేను రాయలేను. నా బ్యాగు చూసింది, నేను చూడలేదు. గుడారాల దగ్గర మేం వదిలిన మూడు బ్యాగులను జీపులో వేసి కట్ట మీదికి తీసుకుపోయారట. ఈ సంగతి లక్ష్మి చెప్పింది. మూడో రోజు పొద్దు వాలాక గంగారాం బ్యాగు భుజాన వేసుకుని, చేతిలో పులుసు టిఫిన్‌తో ఆసుపత్రికి వచ్చింది. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు పసుపెక్కిన మనిషి. ఏడవలేదు. నిలబడే చెప్పింది.

"కట్ట మీద డప్పులు కొట్టిచ్చిండ్రు పెద్దనాయనా. ఒక్కొక్కలు వస్తుంటే దండలేసిండ్రు. నేను గీయన కోసం జూస్తున్న. జీపుల నుంచి బ్యాగు దించిండ్రు, దాని మీద గీయన పేరుండె. ఫోను పెడితే టిక్కుమన్నది. చప్పట్లు కొట్టిండ్రు. మరి మనిషేడి సారూ అన్న. ముందల పోయిండేమో చూడమ్మా అన్నరు. చెట్ల కింద, బస్సులల్ల, నీళ్ల దగ్గర గూడ చూసిన. ఆఖరుకు వంట జేసేటాయన పక్కకు పిలిచి చెప్పిండు."

గంగారాం గోడ వైపు తిరిగి పడుకున్నాడు. టిఫిన్ మూత ఎవరూ తీయలేదు.

ఉత్తరాలు

అంతటితో అయిపోలేదు. నేను ఆ సంస్థకు ఫోన్ చేస్తే, మొదట్లో నా వయసు అడిగిన అమ్మాయే ఎత్తింది. "ఆయనంతట ఆయనే దారి తప్పి ఉంటారు సార్" అంది. ఆ మాట అంత దూరం నుంచి నాగిరెడ్డిపేట దిక్కుకు ఎలా చేరిందో, చేరేసరికి "తాగి పడ్డడు" అయింది. గంగారాం కల్లు కూడా ముట్టడు. ఏజెంటు లక్ష్మికి ముఖం మీదే చెప్పాడట, తాగుబోతును ఏ కంపెనీ పెట్టుకుంటదని. కాలు బాగయితే కూర్చుని చేసే వాచ్‌మన్ పనైనా చూడమని అడగడానికి పోయింది ఆమె. నితిన్‌కు నిజం తెలుసు. నితిన్ ఫోన్ ఎత్తడు.

లక్ష్మి నా దగ్గరికి వచ్చి, "రూపాయి వద్దు పెద్దనాయనా. మేమే ఇడిసిపెట్టి పోయినం, గాయన తప్పు లేదని ఒక్క ముక్క రాసియ్యమను. ఊళ్లె సూపెడ్త" అంది.

అదే అడిగాను. ఆ సంస్థకు రాసిన మొదటి ఉత్తరానికి జవాబు లేదు. రెండోది మేరీ సుజాత సంతకంతో, బీరయ్య వేలిముద్రతో పంపాను. దానికీ లేదు. మూడో ఉత్తరంలో తిట్లు తీసేసి ఒక్కటే ప్రశ్న రాశాను. "గంగారాంను గుట్ట మీద వదిలేసి పోయారా, లేదా?"

మామిడి పిందెలు కాయలయ్యాక జవాబు వచ్చింది. మంచి కాగితం, పైన గుట్టల బొమ్మ. లక్ష్మి చదివి పెట్టమంటే గంగారాం మంచం పక్కన కూర్చుని పైకి చదివాను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"గౌరవనీయులైన పెద్దలకు నమస్కారం. మీ ఉత్తరాలు అందాయి. ఆలస్యానికి మన్నించగలరు. మీ ప్రశ్న మేరకు మా నమోదులన్నీ తిరిగి పరిశీలించాం. శ్రీ గంగారాం గారు అన్ని మజిలీలను దాటుకుంటూ మూడు రోజుల నడకను నిర్ణీత సమయంలోపే పూర్తి చేసినట్టు స్పష్టంగా నమోదై ఉంది. కావున వారిని మార్గమధ్యంలో వదిలివేయడం అనే ప్రశ్నే తలెత్తదు. ఇంటికి చేరిన తరువాత వారికి జరిగిన ప్రమాదానికి మా సానుభూతి. వారి సర్టిఫికెట్‌ను దీనితో జతచేస్తున్నాం. వారి పట్టుదల మా అందరికీ స్ఫూర్తి. వచ్చే ఏడాది కూడా తప్పక రావలసిందిగా మా మాటగా చెప్పండి."